అమ్మ బయాప్సీకి రెండు ల్యాబుల్లో రెండు రకాల రిపోర్టులు: ఈఆర్, హెర్-2 ఎందుకు మారతాయి, దేన్ని నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అమ్మగారికి 52 ఏళ్లు, ఎడమ రొమ్ములో గడ్డ. మీ ఊరి నర్సింగ్‌హోమ్‌లో ట్రూకట్ బయాప్సీ (సూదితో ముక్క తీయడం) చేశారు. మొదటి ల్యాబు ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్, హెర్-2 2+, కేఐ-67 30 శాతం అని రిపోర్టు ఇచ్చింది. అదే బ్లాకు (ముక్కను మైనంలో పోసి ఉంచిన దిమ్మ) హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడ ఈఆర్ 60 శాతం, పీఆర్ 10 శాతం పాజిటివ్ అన్నారు. హెర్-2 మళ్లీ 2+ వచ్చింది, కేఐ-67 మాత్రం 15 శాతమే. హెర్-2 జీన్ కాపీలను నేరుగా లెక్కపెట్టే ఫిష్ టెస్టు చేయించమన్నారు. వీటిలో ఏది నిజం, ఫిష్‌కి అంత డబ్బు పెట్టాలా, బంధువులు చెబుతున్నట్టు సీఏ 15-3, సీఏ-125 రక్తపరీక్షలు చేయిస్తే తేలిపోదా, మీ చెల్లెలికి కూడా టెస్టులు చేయించాలా అని అడిగారు.

నేను పాథాలజిస్టుని. చాలా ఏళ్లుగా నా పని ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ స్లైడ్ల మీదే. ఈ మార్కర్లు ఎక్కడ, ఎందుకు తప్పుతాయన్నదే నేను పట్టుకుని చదివిన విషయం. అందుకే ముందు సూటిగా చెప్పేస్తాను. పేరు, బ్లాకు నంబరు సరిగ్గా ఉంటే ఈఆర్ విషయంలో నేను రెండో రిపోర్టునే నమ్ముతాను. ఫిష్ తప్పకుండా చేయించండి. ఆ రక్తపరీక్షలు ఇప్పుడు అక్కర్లేదు. కారణాలు కూడా చెబుతాను, అవి తెలిస్తే ల్యాబులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్ (పీఆర్ అలాంటిదే, ప్రొజెస్టరాన్ హార్మోన్‌కు). క్యాన్సర్ కణం కేంద్రకంలో ఉండే ప్రోటీన్ అది. ఈస్ట్రోజన్ వచ్చి దానికి అతుక్కుంటే కణం పెరుగుతుంది. హార్మోన్‌కీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం ఉందని 1896లోనే జార్జ్ బీట్సన్ అనే స్కాట్లాండ్ సర్జన్ చూపించాడు. అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డలు తగ్గాయి. ఎవరిలో తగ్గుతాయో ముందే చెప్పే దారి ఆయనకు లేదు. ఇప్పుడు మనం చేసే ఈఆర్ టెస్టు ఆ ప్రశ్నకే జవాబు.

టెస్టు జరిగేది ఇలా. ఫార్మలిన్‌లో గట్టిపడిన ముక్కను మైనంలో పోసి బ్లాకు చేస్తారు. దాన్ని 3, 4 మైక్రాన్ల మందంలో కోసి గాజు స్లైడు మీద పరుస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి బంధించేస్తుంది కాబట్టి, యాంటీబాడీ లోపలికి అందేలా స్లైడును ద్రావణంలో ఉంచి బాగా వేడి చేస్తారు. దీన్ని యాంటిజెన్ రిట్రీవల్ అంటాం. ఆ తర్వాత ఈఆర్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. అది అతుక్కున్నచోట చివర్లో గోధుమరంగు తేలుతుంది, మిగతా కేంద్రకాలు నీలంగా ఉంటాయి. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కణాల్లో ఎన్నిటి కేంద్రకాలు గోధుమరంగుకు తిరిగాయి, ఎంత గాఢంగా తిరిగాయి అన్నది చూసి శాతం రాస్తాం. 1 శాతం కన్నా తక్కువైతే నెగెటివ్. 1 నుంచి 10 శాతం వస్తే దాన్ని ‘లో (తక్కువ) పాజిటివ్’ అని వేరుగా రాయాలి. మీ అమ్మగారి 60 శాతం ఆ సందేహపు గీతకు చాలా దూరంలో ఉంది.

ఈ పనిలో ఏ మెట్టు దగ్గర పొరపాటు జరిగినా ఫలితం ఎక్కువగా ఒకే వైపుకి తప్పుతుంది, అంటే ఉన్నది కనపడకుండా పోతుంది. ముక్క ఫార్మలిన్‌లో ఆలస్యంగా పడినా, చాలినంతసేపు ఉండకపోయినా, వేడి తగ్గినా, యాంటీబాడీ పాతదైనా, గోధుమరంగు రాదు. లేని ఈఆర్‌ను 60 శాతం కణాల కేంద్రకాల్లో పుట్టించడం మాత్రం చాలా అరుదు. వేరే పేషెంటు ముక్క కలిసిపోవడమో, పక్కనున్న మామూలు నాళాల కణాలను క్యాన్సర్ కణాలుగా లెక్కపెట్టడమో జరిగితే తప్ప అలా రాదు. అందుకే పేరు, బ్లాకు నంబరు చూసుకోమన్నాను. రెండు రిపోర్టుల్లో ఒకటి నెగెటివ్, ఇంకొకటి గట్టి పాజిటివ్ వచ్చినప్పుడు పాజిటివ్‌కే ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

ఇంకో ఆధారం కూడా ఉంటుంది. మామూలు పాలనాళాల్లోని కణాల్లో కొన్ని సహజంగానే ఈఆర్ పాజిటివ్. బయాప్సీ ముక్కలో అలాంటి నాళం ఒక్కటున్నా చాలు, అది స్లైడు మీదే ఉన్న సాక్షి. దాన్ని ఇంటర్నల్ కంట్రోల్ అంటాం. క్యాన్సర్ కణాలూ నీలంగా ఉండి, ఆ మామూలు నాళం కూడా నీలంగానే ఉందంటే, టెస్టు పనిచేయలేదని అర్థం. అప్పుడు నెగెటివ్ అని రాయకూడదు, మళ్లీ చేయాలి. మొదటి రిపోర్టులో ఇంటర్నల్ కంట్రోల్ గురించి ఏమన్నా రాశారా చూడండి. ఆ మాటే లేకపోతే ఆ నెగెటివ్‌ను నేను నెగెటివ్‌గా తీసుకోను.

ఇది చిన్న విషయం అనుకోకండి. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్ అనే రాష్ట్రంలో 1997 నుంచి 2005 దాకా చేసిన ఈఆర్, పీఆర్ టెస్టుల్లో సరిగ్గా ఇదే జరిగింది. ముందు నెగెటివ్ అని చెప్పిన ఒక పేషెంటు ముక్కను 2005లో మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చింది. అనుమానంతో పాత కేసులు మరికొన్ని చేస్తే వాటిలోనూ మారాయి. చివరికి సుమారు వెయ్యి మంది ముక్కలు టొరంటోలోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి పంపితే 380 మందికి పైగా ఫలితాలు తప్పని తేలింది. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ కమిషన్ విచారణ జరిపి 2009లో రిపోర్టు ఇచ్చింది. పేరున్న యంత్రాలు, చదువుకున్న డాక్టర్లు ఉన్న చోటే ఇన్నేళ్లు ఎవరికీ తెలియకుండా సాగింది. ముక్కల ఫిక్సేషన్ ఒక తీరుగా లేకపోవడం, కంట్రోళ్లను పట్టించుకోకపోవడం వంటివి అక్కడ బయటపడ్డాయి. నా దగ్గర పీజీ చేయడానికి వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి వారంలోనే ఈ కేసు గురించి చెబుతాను. నెగెటివ్ అని రాయడం పాజిటివ్ అని రాయడం కన్నా బరువైన పని అని వాళ్లకు అప్పుడే తెలియాలి.

ఎందుకంత బరువంటే, ఈఆర్ పాజిటివ్ అయినవాళ్లకు ఉండే మందు ఎంతో చవకైనది, ఎంతో గట్టిది. అయిదేళ్లు టామాక్సిఫెన్ వాడితే ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్లలో మొదటి పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుంది. రోజుకో మాత్ర, ఖరీదు కొద్ది రూపాయలే. నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి ఇస్తారు, అవీ దొరికేవే. ఈఆర్ ఉండి కూడా నెగెటివ్ అని రాస్తే ఆ మనిషి చేతికి ఈ మాత్రే అందదు. మొదటి రిపోర్టునే పట్టుకుని, ఫిష్ కూడా నెగెటివ్ వచ్చి ఉంటే మీ అమ్మగారిని ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేనిది) అనుకుని వైద్యం మొదలుపెట్టేవాళ్లు. మీరు బ్లాకు పట్టుకుని హైదరాబాద్ వెళ్లడం వల్ల ఆ దారి తప్పింది.

మొదటి ల్యాబు మీద కోపం పెంచుకోమని నేను చెప్పను. ఒకే బ్లాకు మీద రెండోసారి ఈఆర్ పైకి లేచిందంటే తేడా ఎక్కువగా స్టెయినింగ్‌లోనో, చూసి రాయడంలోనో ఉంటుంది. దానికి ముందు, ముక్క తీసిన గదిలో ఏం జరిగిందన్నది కూడా అడగాలి. ముక్క ఒంట్లోంచి బయటికొచ్చాక గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. ఆ ఫార్మలిన్ 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అయి ఉండాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. చాలాచోట్ల జరిగేది వేరు. సెలైన్‌లో వేసి పక్కన పెడతారు, సాయంత్రం ఎవరో వచ్చి తీసుకెళ్తారు. మరికొన్నిచోట్ల ఫార్మలిన్‌ను కొలత లేకుండా కుళాయి నీళ్లతో కలుపుతారు. పెద్ద ఆపరేషన్ తర్వాత రొమ్ము మొత్తాన్ని కోయకుండా చిన్న డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి పంపినవి నేను ఎన్నో అందుకున్నాను. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి పోతుంది. అలా పంపితే నడిమధ్యన ఉన్న గడ్డకు అది చేరేసరికి అక్కడి ప్రోటీన్లు చెడిపోతాయి. పీఆర్ ముందుగా దెబ్బతింటుంది. అందుకే మీ రిపోర్టులో పీఆర్ 10 శాతమే ఉన్నా అసలు అంతకన్నా ఎక్కువే ఉండి ఉండొచ్చు. పోయినది ఏ పెద్ద ల్యాబూ తిరిగి తేలేదు. ఆపరేషన్ అయ్యాక వచ్చే గడ్డ మీద ఈ టెస్టులు మళ్లీ చేయమని మీ సర్జన్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. గడ్డ తీసిన వెంటనే మధ్యకు కోసి ఫార్మలిన్‌లో వేయమని కూడా చెప్పండి. అలా అడిగితే ఏ మంచి సర్జనూ తప్పుగా అనుకోరు.

ఇక హెర్-2. దీని కథ వేరు. ఈ ప్రోటీన్ కేంద్రకంలో కాక కణం పైపొరలో ఉంటుంది. దీని జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంది. మామూలు కణంలో రెండు కాపీలే ఉంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఆ జీన్ కాపీలు కుప్పలుగా పెరిగిపోతాయి. 1987లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో డెన్నిస్ స్లామన్ బృందం 189 రొమ్ము గడ్డలను పరీక్షించి సుమారు 30 శాతంలో ఇది జరిగిందనీ, వాళ్లకు క్యాన్సర్ త్వరగా తిరగబెడుతుందనీ చూపించింది. ఇప్పుడు ఆ వాటా 15 నుంచి 20 శాతం అని లెక్కిస్తున్నారు. ఆ పరిశోధన దారిలోనే ట్రాస్టుజుమాబ్ అనే మందు వచ్చింది. 1998 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చినప్పుడు మందుతో పాటే హెర్‌సెప్‌టెస్ట్ అనే ఐహెచ్‌సీ (పైన చెప్పిన యాంటీబాడీ, రంగు పద్ధతి) కిట్‌కీ అనుమతి ఇచ్చింది. టెస్టు లేకుండా మందు లేదు. పాథాలజీకి అది పెద్ద మలుపు. అంతకుముందు ఇది క్యాన్సరా కాదా అని చెప్పడంతో మా పని చాలావరకు అయిపోయేది. ఆ తర్వాత ఏ మందు ఇవ్వాలో నిర్ణయించేది కూడా మా స్లైడే అయింది.

మార్కర్ల విషయంలో నేను మనసులో పెట్టుకునే పరిశోధన మరొకటి ఉంది. లాస్ ఏంజెలెస్‌లోనే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో మైకేల్ ప్రెస్ అనే పాథాలజిస్టు ఉన్నారు. హెర్-2 ఎంత ఉందో గడ్డకట్టించిన తాజా కణజాలం మీద ముందే తేల్చి పెట్టుకున్న 187 రొమ్ము క్యాన్సర్ల మైనపు ముక్కలను ఆయన బృందం కలిపి బ్లాకుల్లో చేర్చింది. వాటి మీద 28 రకాల హెర్-2 యాంటీబాడీలు వేసి చూసి 1994లో ప్రచురించారు. హెర్-2 ఎక్కువగా ఉందని ముందే తెలిసిన గడ్డల్లో ఒక యాంటీబాడీ 6 శాతాన్నే పట్టుకుంటే, ఇంకొకటి 82 శాతాన్ని పట్టుకుంది. గడ్డలు మారలేదు. మారింది యాంటీబాడీ ఒక్కటే. మందు బజారుకు రావడానికి నాలుగేళ్ల ముందే ఒక పాథాలజిస్టు ఈ హెచ్చరిక చేసి పెట్టారు. ప్రోటీన్‌కు వేసే రంగు మీద మాత్రమే ఆధారపడకుండా జీన్‌నే నేరుగా లెక్కపెట్టాలని ఆయన గట్టిగా వాదిస్తూ వచ్చారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫిష్ సలహా ఆ ఆలోచన నుంచే వచ్చింది.

ఐహెచ్‌సీలో హెర్-2కు 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లు. పది శాతానికి మించిన కణాల్లో పైపొర చుట్టూ గాఢమైన గోధుమరంగు గీత పూర్తిగా వస్తే 3+. తక్కువ మాగ్నిఫికేషన్‌లో చూసినా కోళ్ల గూటి జాలీలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అక్కడ అనుమానమే ఉండదు. 0, 1+ నెగెటివ్. 2+లో గీత చుట్టూ ఉంటుంది, రంగు మాత్రం పలచగానో మధ్యస్థంగానో ఉంటుంది. ఎంత అనుభవం ఉన్నా కంటితో అది పాజిటివో నెగెటివో చెప్పలేం, చెప్పకూడదు. రెండు ల్యాబులూ 2+ అన్నాయంటే ఆ విషయంలో ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు. మూడో ల్యాబులో మళ్లీ ఐహెచ్‌సీ చేయించి డబ్బు వృథా చేయకండి. ఆ డబ్బు ఫిష్‌కి పెట్టండి.

ఫిష్ చేసే గది చీకటిగా ఉంటుంది. ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపు కింద కేంద్రకాలు ముదురు నీలంగా, వాటిలో ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. ఎర్ర చుక్క హెర్-2 జీన్. ఆకుపచ్చ చుక్క 17వ క్రోమోజోమ్ నడుము. ఒకదాని మీద ఒకటి పడని, గీతలు స్పష్టంగా ఉన్న కేంద్రకాలను ఏరుకుని కనీసం 20 కణాల్లో చుక్కలు లెక్కపెడతాం. ఉదాహరణకు 20 కణాల్లో ఎర్రవి 96, ఆకుపచ్చవి 40 వచ్చాయనుకోండి. నిష్పత్తి 2.4, కణానికి సగటున 4.8 కాపీలు. నిష్పత్తి 2 లేదా ఆపైన, సగటు 4 లేదా ఆపైన ఉంటే పాజిటివ్ కాబట్టి ఇది పాజిటివ్. ఎర్రవి 52, ఆకుపచ్చవి 42 వస్తే నిష్పత్తి 1.24, సగటు 2.6, అది నెగెటివ్. ఈ రెండు అంకెల్లో ఒకటి ఇటూ ఒకటి అటూ పడే కేసులు కొన్ని ఉంటాయి. అప్పుడు ఐహెచ్‌సీ స్లైడును పక్కన పెట్టుకుని మళ్లీ చూసి, ఇంకొకరి చేత కూడా లెక్కపెట్టించి తేలుస్తాం.

పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్‌కు అర్హత వస్తుంది. కీమోతో కలిపి ఇచ్చినప్పుడు క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి తగ్గినట్టు 2005లో వచ్చిన పెద్ద ట్రయల్స్‌లో తేలింది. 2014లో మన దేశంలో బయోకాన్ కంపెనీ బయోసిమిలర్ (అదే మందుకు దగ్గరి పోలిక ఉన్న రకం) వచ్చాక ఖర్చు మునుపటికన్నా తగ్గింది. అయినా చిన్న మొత్తం కాదు, మామూలుగా ఏడాది పాటు ఇస్తారు, గుండె పనితీరు చూస్తూ ఇవ్వాలి. అవసరం లేనివాళ్లకు ఇస్తే డబ్బూ పోతుంది, గుండెకూ రిస్కే. అవసరమైనవాళ్లకు ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు. ఈ రెంటి మధ్య తేల్చే టెస్టు కాబట్టే ఫిష్ తప్పదంటున్నాను. నెగెటివ్ వస్తే రిపోర్టు మీద ‘హెర్-2 లో’ (low, అంటే తక్కువ) అని కనిపించొచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. ఒంట్లో వేరేచోట్లకు పాకిన క్యాన్సర్‌లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు విషయంలో 2022 నుంచి దానికి ప్రాముఖ్యం వచ్చింది. రొమ్ములోనే ఉన్న గడ్డకు ఇప్పుడు మొదలుపెట్టే వైద్యం దాని వల్ల మారదు.

కేఐ-67 గురించి టెన్షన్ పడొద్దు. ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో అది చెబుతుంది. ఒకరు చురుగ్గా ఉన్న చోటు చూసి 30 అంటారు, ఇంకొకరు స్లైడంతా సగటు తీసి 15 అంటారు. ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ క్యాన్సర్‌లో 5 లేదా అంతకన్నా తక్కువ, 30 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవచ్చనీ, మధ్యలోవాటి మీద ఆధారపడొద్దనీ దీని మీద పనిచేసే అంతర్జాతీయ బృందమే చెప్పింది.

రక్తపరీక్షల మాట. సీఏ 15-3 అయినా సీఏ-125 అయినా రొమ్ము గడ్డ క్యాన్సరా కాదా చెప్పలేవు, ఏ మందు ఇవ్వాలో అసలే చెప్పలేవు. తొలిదశ క్యాన్సర్‌లో సీఏ 15-3 చాలామందిలో నార్మల్‌గానే ఉంటుంది. సీఏ-125 నెలసరి రోజుల్లో పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా బాగా పెరుగుతుంది. మన దగ్గర టీబీ ఎంత ఉందో మీకు తెలుసు. ఆ అంకె ఒక్కటి చూసి అండాశయ క్యాన్సరని ఇంటిల్లిపాదీ ఏడ్చి, చివరికి టీబీ మందులతో కోలుకున్న ఆడవాళ్లను మా విభాగంలో చూశాం. పాకిపోయిన క్యాన్సర్‌కు మందు పనిచేస్తోందా లేదా అని స్కాన్లతో పాటు చూసుకోవడానికి సీఏ 15-3 ఉపయోగపడుతుంది. అమ్మగారికి ఇప్పుడు ఆ అవసరం లేదు. హోల్ బాడీ క్యాన్సర్ మార్కర్ ప్యాకేజీ అని అమ్మేవాటి జోలికి కూడా వెళ్లకండి.

ఫిష్‌కి పంపేటప్పుడు కోసిన స్లైడ్లు కాక బ్లాకే పంపండి. కోసి పెట్టిన స్లైడ్లు పాతబడితే వాటి మీది ప్రోటీన్లు దెబ్బతింటాయి, ఆరు వారాలు దాటినవి వాడకపోవడం మంచిది. బ్లాకు మాత్రం సరిగ్గా ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అది మైనం కాబట్టి ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. తీసుకునేటప్పుడు బ్లాకు మీద చెక్కిన నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనా చూసి, రసీదు తీసుకుని, పని అయ్యాక తిరిగి తెచ్చుకోండి. రేపు ఇంకో టెస్టు కావాలంటే ఉండేది ఆ ఒక్క బ్లాకే. ల్యాబు వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఈ టెస్టుకు కూడా ఉందా, బయటి సంస్థ పెట్టే క్వాలిటీ పరీక్షల్లో పాల్గొంటున్నారా. రిపోర్టులో నిష్పత్తి, సగటు కాపీలు, లెక్కపెట్టిన కణాల సంఖ్య, మూడూ ఉండాలి. ఉత్త పాజిటివ్, నెగెటివ్ అని ఇస్తే తీసుకోవద్దు. ఫిష్ రావడానికి రోజులు పట్టొచ్చు. ఈలోపు స్కాన్లు, గుండె ఎకో లాంటివి పూర్తి చేసుకోండి, అప్పుడు టైమ్ వృథా కాదు.

చివరగా చెల్లెలి గురించి. తనకు ఇప్పుడు ట్యూమర్ మార్కర్లు ఏవీ చేయించాల్సిన పని లేదు. వంశపారంపర్యం ఉందా అన్నది బీఆర్‌సీఏ 1, బీఆర్‌సీఏ 2 జీన్ల టెస్టు చెబుతుంది, అది రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు. దాన్ని ముందు అమ్మగారికి చేయాలి. కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన 65 ఏళ్లలోపు వాళ్లందరికీ ఈ టెస్టు చేసే అవకాశం ఇవ్వాలని 2024లో అమెరికా ఆంకాలజిస్టుల సంఘం కూడా చెప్పింది, కాబట్టి మీ ఆంకాలజిస్టును అడగడానికి మొహమాటపడకండి. అమ్మగారిలో మార్పు దొరికితే, ఆ ఒక్క మార్పు కోసమే మీ చెల్లెలికీ, మీకూ చేస్తారు. ఆ జీన్ మగవాళ్లకూ వస్తుంది, మీ పిల్లలకూ పోతుంది, అందుకని మీరూ చేయించుకోవాలి. అమ్మగారిలో ఏమీ దొరక్కపోతే చెల్లెలికి ఆ టెస్టు పెట్టించకండి. అమ్మగారికి క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో తన డాక్టరుకు చెప్పి, మామోగ్రామ్ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో అడిగి రాయించుకుంటే చాలు. ఫిష్ రిపోర్టు వచ్చాక పేరు, ఆసుపత్రి వివరాలు కనపడకుండా చేసి అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.